హారతి అయ్యేదాకా

చెక్‌పోస్టు దగ్గర అడ్డకర్ర ఎత్తింది నేనే. ఎవరూ బెదిరించలేదు, చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదు. సినిమా లారీ వచ్చిందని ఎత్తాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు తేలిక.

అది డెబ్బయ్యెనిమిదో సంవత్సరం. భాకరాపేట అడవి అంచున ఒక చెక్‌పోస్టులో నేను ఫారెస్టు గార్డుని. పేరు యతిరాజులు, వయసు ముప్పై. పొద్దస్తమానం కట్టెల మోపులూ బొగ్గు బస్తాలూ మేకల మందలూ తప్ప ఇంకేమీ కనబడని చోట ఒకరోజు మద్రాసు వైపు పోతూ అంబాసిడర్ కారు, దాని వెనకే ఒక లారీ వచ్చి ఆగాయి. లారీ నెత్తిన సినిమా కంపెనీ పేరు రాసిన గుడ్డ కట్టి ఉంది. కారు వెనక సీట్లో హీరోయిన్ కూర్చుని ఉంది. అద్దం దించి మంచినీళ్లు దొరుకుతాయా అని అడిగింది. నా కూజాలో నీళ్లు నా గ్లాసులో పోసి ఇచ్చాను. తాగి, నవ్వి, గ్లాసు తిరిగి ఇచ్చింది. లారీలో ఏముందని నేను అడగలేదు. అడగాలన్న సంగతే గుర్తు రాలేదు. రిజిస్టరులో "సినిమా సామాన్లు, తనిఖీ చేయబడినది" అని రాసి సంతకం పెట్టి కర్ర ఎత్తాను. ఆ గ్లాసు వారం రోజులు కడగలేదు.

పది రోజులకు లారీ మళ్లీ వచ్చింది. ఈసారి హీరోయిన్ లేదు. అయినా అదే వాక్యం రాశాను, అదే సంతకం పెట్టాను.

నెల తిరక్కుండా మా రేంజరు దేవరాజులు గారు పిలిపించారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. అదే మాకు భయం.

"మద్రాసు రేవులో ఎర్రచందనం దుంగలు పట్టుకున్నారంట. వాటి మీద సున్నమూ బూడిదరంగూ అతుక్కోని ఉండాయంట. ఈ నెలలో మన దోవన పోయిన పెద్ద బండ్లు రెండే. రెండిటికీ నీ సంతకమే ఉండాది," అన్నారు.

నేను నేల చూశాను.

"నువ్వేమన్నా తిన్నావని నేననుకోలా. తినుంటే ఇంత తెలివిమాలినట్టు రాయవు. ఇప్పుడు ఇను. ఆ సినిమా గుడిలో పూజారి ఏసానికి వచ్చినోడు కడుపునొప్పని మద్రాసుకు పోయినాడంట. నువ్వు అయ్యవార్ల ఇంటి పిల్లోడివి గదా. పేరు మార్చుకోని పోయి ఆ ఏసంలో దూరు. సరుకు సెట్టులో దొరికితే అది సెట్టే అంటారు. బండికెక్కినాక, మనిషితో సహా దొరకాల. నేను చెక్‌పోస్టులోనే జీపు పెట్టుకోని ఉంటా. దొరకలేదనుకో, నీ సస్పెండు కాగితం నా జేబులోనే ఉండాది."

ఉద్యోగం పోతే తిండికి లోటని కాదు నా భయం. పోతే తిరుపతిలో మా ఇంటికి పోవాలి. ఇంట్లో నాయన ఉన్నారు.

మా నాయన సౌందరరాజన్ గారు కోవెలలో గోష్ఠి చెప్పేవారు. గోష్ఠి అంటే స్వామి ముందు రెండు వరుసల్లో నిలబడి పాశురాలనే తమిళ పద్యాలు చెప్పే బృందం. నాలుగు వేల పాశురాలూ ఆయనకు పుస్తకం లేకుండా వచ్చు. నాకూ చిన్నప్పటి నుంచే చెప్పారు. పందొమ్మిదో ఏట మొదటిసారి నన్ను ముందు వరుసలో నిలబెట్టారు. మూడు పాశురాలు బాగానే నడిచాయి. నాలుగోది సగంలో నాలుక అంటుకుపోయింది. వరుస మొత్తం నాకోసం ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక నుంచి నాయన గొంతు ఆ పాదం అందుకుని ముందుకు సాగింది. నేను తల దించుకుని బయటికి నడిచి వచ్చేశాను. మళ్లీ లోపలికి పోలేదు. ఆ రోజు గురించి ఆయన పదకొండేళ్లలో ఒక్క మాట అనలేదు. మళ్లీ కూర్చోబెట్టి చెప్పనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను మధ్యలో వదలకుండా నిలబెట్టుకున్నది ఈ గార్డు ఉద్యోగం ఒక్కటే. ఇదీ పోగొట్టుకుని గడపలో నిలబడితే ఆయన మళ్లీ ఏమీ అనరు. అది నేను తట్టుకోలేను.

మీసం తీసేశాను. అది ఉద్యోగమంత బాధపెట్టింది. నామం పెట్టుకుని, పంచె కట్టుకుని, సంపత్కుమార్ అని పేరు చెప్పుకుని షూటింగు చోటికి పోయాను. ప్రొడక్షన్ మేనేజరు మునస్వామి నన్ను ఎగాదిగా చూసి, పాశురాలు వచ్చా అని అడిగి, వచ్చంటే సరే అన్నాడు. తెల్ల సఫారీ, చేతికి బంగారు గడియారం, ఊరు నగరి. మా చెక్‌పోస్టు ముందు రెండుసార్లు కారులో పోయిన మనిషే. నన్ను గుర్తుపట్టలేదు. ఖాకీ వేసుకున్నవాడి ముఖం ఎవరూ చూడరు.

ఇక ఆ గుడి సంగతి చెప్పాలి.

వేరుశనగ చేను దాటి మలుపు తిరగ్గానే గోపురం కనబడింది. వానలకు నల్లబడిన రాయి, సందుల్లో నాచు, ఒక మూల పగులు, ఆ పగుల్లో మొలిచిన రావిమొక్క. ఆ చోట గుడి లేదని ఆ అడవిలో ఆరేళ్లు తిరిగిన నాకు తెలియదా. తెలిసినా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. వెనక వెదురు బొంగులు, గోనెసంచులు, మేకులు, కొబ్బరితాడు. గోపురం మందం నా అరచేయంత. మళ్లీ ముందుకు వచ్చాను. మళ్లీ చేతులు జోడించుకున్నాయి. ఇలా మూడుసార్లు అయ్యాక పైన నిచ్చెన మీద ఎవరో నవ్వారు.

"ఎనక జూసినాక గూడా మొక్కినోడివి నువ్వొక్కడివే సామీ," అన్నాడు ఆయన.

ఆయన నాయబ్ రసూల్, సెట్టు మాస్టరు. చిత్తూరు మనిషి. యాభై ఏళ్లుంటాయి, గడ్డంలో ఎప్పుడూ సున్నపు పొడి. ఆ గుడి మొత్తం ఆయన చేతి పని. నేను నిజమైన గుళ్ల మధ్య పెరిగాను. ఒక రాతిని అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదని ఆయన గోనెగుడ్డను చూశాక తెలిసింది. దీపం పెట్టే గూట్లో మసి ఎంత ఎత్తు దాకా పాకుతుందో ఆయనకు తెలుసు. జనం చేతులు తగిలి తగిలి స్తంభం ఏ ఎత్తులో నునుపెక్కుతుందో తెలుసు. కూలీ పని చేసుకునే రోజుల్లో గుళ్ల బయట కూర్చుని చూసి నేర్చుకున్నాడట.

గర్భగుడిలో స్వామి విగ్రహం అప్పటికి పూర్తయింది, కళ్లు తప్ప. నేను చేరిన రెండో రోజు ఆయన నన్ను పిలిచాడు.

"సామీ, దేవుడు యాడ జూడాల? ఎదరకా, పైకా? డైరెక్టరు గారు నీ ఇష్టం అంటాడు. నా ఇష్టం ఏముండాది దీంట్లో."

చిన్నప్పుడు నాయన చెప్పింది గుర్తొచ్చి చెప్పాను. కళ్లు సగం మూసి ఉండాలి. పాదాల దగ్గర నిలబడినవాడి మీద చూపు ఉండాలి. ఎంతమంది వచ్చినా, నన్నే చూస్తున్నాడని ఎవరికి వారికి అనిపించాలి.

ఆయన తల ఊపి, మూతికి తువ్వాలు కట్టుకుని, సన్న కుంచె తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా పని చేశాడు. చివరి చుక్క పెట్టి నిచ్చెన దిగి నా పక్కన నిలబడ్డాడు. వడ్రంగులు సుత్తులు ఆపారు. లైట్లవాళ్లు బీడీలు పారేశారు. అది సున్నమూ జనపనారా జిగురూ అని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ చూపు నేరుగా నా మీద ఉంది. మీసం తీసేసి, పేరు మార్చుకుని, అబద్ధపు వేషంలో వచ్చిన నా మీద.

నా నటన మాత్రం అధ్వాన్నం. లైట్లు పడి, స్టార్ట్ అన్న మాట వినబడగానే పదకొండేళ్ల కిందటి గోష్ఠి గుర్తొచ్చి నోరు ఎండిపోయేది. బడిపిల్లవాడు ఎక్కాలు చెప్పినట్టు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయేవాణ్ణి.

"నువ్వు పూజ చెయ్యడం లేదయ్యా. పూజ చేస్తున్నట్టు చేస్తున్నావు. అది మా ఆర్టిస్టులందరికీ వచ్చు, దానికి నువ్వెందుకు?" అన్నారు డైరెక్టరు గారు. ముసలాయన, గోదావరి వైపు మనిషి. కోపం కంటే విచారం ఎక్కువ ఆయన గొంతులో.

నన్ను నమ్మినవాళ్లు చుట్టుపక్కల పల్లెవాళ్లు. షూటింగు చూడ్డానికి వచ్చి, గుడి చూసి, చెప్పులు విడిచి, వరుసలో నిలబడేవాళ్లు. మొదట వచ్చింది చంద్రకాంతమ్మ. యూనిట్టుకు రోజూ పాలు తెచ్చే ఆవిడ. తులసి దండ తెచ్చి, చెయ్యి చాపి, తీర్థం పొయ్యమంది.

"అమ్మా, ఇది సినిమా గుడి. నేను ఏసగాణ్ణి," అన్నాను.

"తెలుసులే సామీ. నేను పోసే పాలల్లో సగం నీళ్లని మీకూ తెలుసు. తాగతా ఉండారు గదా. పొయ్యి తీర్థం."

పోశాను. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే తీర్థం, శఠారి నా డ్యూటీ అయిపోయింది. శఠారి అంటే స్వామి పాదాలున్న కిరీటం. దాన్ని తలమీద పెడితే ఎంతటివాడైనా తల వంచుతాడు. మాది కాగితపు గుజ్జుతో చేసింది, పైన వెండిరంగు. అయినా తలలు వంగేవి. మునస్వామి కూడా రోజూ వచ్చి తల వంచేవాడు. మనిషి దొంగేమో అనిపించేది, భక్తి మాత్రం దొంగది కాదు.

పది రోజులు గడిచినా నాకు ఎర్రచందనం జాడ దొరకలేదు. దాన్ని పట్టించింది నాయబ్ రసూల్ కోపం.

ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తినకుండా మంటపంలో ఒక స్తంభం ముందు కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడిగాను.

"ఈ పన్నెండిట్లో నాలుగు నా పని కాదు సామీ. స్టూడియోలో దగ్గర షాట్లు తియ్యాలని నా స్తంభాలు మద్రాసుకు ఏసకపోయినామన్నాడు మునస్వామి. వాటి జాగాలో ఈ దరిద్రం నిలబెట్టినాడు. ఇట్ట ఇది మూడోతూరి. సూడు, తామరపువ్వుకు ఏడు రేకులు చెక్కినాడు ఎవడో. ఎనిమిది ఉండాల. నా గుడిలో ఏడు రేకుల పువ్వు."

నిజంగా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను లేచి స్తంభాల్ని వేలిముడుకుతో తట్టుకుంటూ పోయాను. ఎనిమిది స్తంభాలు డోలులా పలికాయి. నాలుగు పలకలేదు. అడవిలో ఆరేళ్లుగా చెట్లు తట్టినవాణ్ణి, లోపల ఏదో నిండుగా ఉందని తెలిసిపోయింది. మేకుతో అడుగున గీరి చిన్న పెచ్చు తీశాను. పూజ సామాన్లలో గంధం తీసే సాన ఉంది. దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి ఆ పెచ్చును అరగదీశాను. సాన ఎర్రబడింది. చిన్నప్పుడు గడ్డ లేస్తే మా అమ్మ అరగదీసి వేసే పట్టు ఇదే. ఎర్రచందనం.

అంటే నాయబ్ రసూల్ చేసిన బోలు స్తంభాలు మునస్వామి మనుషులు తీసేసి, ఆ కొలతకే అడవిలో కొట్టిన దుంగలు తెచ్చి, పైన సున్నం పూసి పట్టపగలు అందరి ముందూ నిలబెట్టారు. నాలుగు షాట్లయ్యాక మద్రాసు షూటింగుకని లారీ ఎక్కించారు. నేను కర్ర ఎత్తాను. పాపం నాయబ్ రసూల్ స్తంభాలు ఏ గుంటలో విరిగి పడున్నాయో.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. స్తంభాలు దించమని మునస్వామి మనుషులకు చెప్పాడు. డ్రైవరుతో అంటూంటే నా చెవిన పడింది.

"ఈతూరి చెక్‌పోస్టు దోవ వద్దు. కింది బాటన నగరి మీదుగా పోదాం."

ఆ బాటలో మాకు చెక్‌పోస్టు లేదు. లారీ ఇక్కడి నుంచి కదిలితే ఇక అంతే. స్క్రిప్టు కాగితం వెనక రెండు ముక్కలు రాసి, చంద్రకాంతమ్మ ఖాళీ పాలక్యానులో వేసి, చెక్‌పోస్టులో రేంజరు గారి చేతికే ఇమ్మన్నాను. ఏమిటి, ఎందుకు అని ఆవిడ అడగలేదు. నాలుగు మైళ్లు నడవాలి, గంటకు తక్కువ పట్టదు. ఎక్కించడానికి ముప్పావు గంట పడుతుంది. మిగతాది ఎలా ఆపాలో తెలియలేదు.

ముందురోజు ఫైటింగులో హీరో ఒక స్తంభాన్ని ఒంటిచేత్తో పెకలించి పదిమంది మీదికి విసిరాడు. దాని పక్క స్తంభాన్ని ఈ రోజు ఎనిమిది మంది మోశారు, మధ్యలో రెండుసార్లు దించారు. అది చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. సినిమాలో ఏది బరువో ఏది తేలికో పట్టించుకునే అలవాటు ఎవరికీ లేదు.

నాలుగూ ఎక్కాక లారీ వెనకభాగం కుంగింది. డ్రైవరు చెంగయ్య దిగి టైర్లు చూసి, తల గోక్కుని, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. గూడూరు మనిషి. చేతిలో నాలుగు నిమ్మకాయలు.

"సామీ, బరువు జాస్తిగా ఉండాది. బండికి పూజ జెయ్యి. హారతి అయితేనే తోలేది," అన్నాడు.

"రేయ్, ఆయన పూజారి కాదు, యాక్టరు," అన్నాడు మునస్వామి గడియారం చూసుకుంటూ.

"ఆ మాట నాకు చెప్పొద్దు సారూ. ఈ పొద్దు నేను ఈ గుళ్లోనే తీర్థం తాగినా. హారతి కాకుండా నేను స్టీరింగు ముట్టను."

పంచె సర్దుకుని, లారీని గర్భగుడికి ఎదురుగా తిప్పి నిలబెట్టమన్నాను. తిప్పాడు. పసుపు రాయించాను, కుంకుమ పెట్టించాను, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టించాను. ఒక నిమ్మకాయ వంకరగా ఉందని మళ్లీ పెట్టించాను. తర్వాత సంకల్పం మొదలుపెట్టాను. చెంగయ్య పేరు, గోత్రం, నక్షత్రం, భార్య పేరు, ఐదుగురు పిల్లల పేర్లు ఒక్కొక్కటే అడిగాను. ఆరోది కడుపులో ఉందన్నాడు. దాన్నీ చేర్చాను. మునస్వామి గోత్రం అడిగాను. లారీ నంబరు అడిగాను.

"నంబరెందుకు సామీ?" అన్నాడు మునస్వామి.

"ఏ బండిని కాపాడాలో స్వామికి తెలియద్దా," అన్నాను. "సరుకేందో గూడా చెప్పండి. సంకల్పంలో అబద్ధం ఉండకూడదు."

మునస్వామి నోరు తెరిచాడు. గర్భగుడి వైపు చూశాడు. సగం మూసిన ఆ కళ్లు ఆయన మీదే ఉన్నాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నోరు మూసుకున్నాడు.

"కట్టె," అన్నాడు చివరికి, నాకు మాత్రమే వినబడేలా.

ఇక పాశురాలు ఎత్తుకోవాలి. ఆపితే హారతి ఇవ్వాలి, హారతి ఇస్తే లారీ కదులుతుంది. పూజ మధ్యలో ఆపమనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. నా దగ్గరున్నది అదొక్కటే. గంట పట్టుకున్నాను. మొదటి పాదం గొణిగాను. రెండోది కాస్త బయటికి వచ్చింది. ఒకటి అయింది, రెండు అయ్యాయి, మూడు అయ్యాయి. నా గొంతులోంచి నాయన గొంతు వస్తోంది. ఇన్నాళ్లూ అది ఎక్కడ దాక్కుందో.

అప్పుడు పక్కన చిన్న చప్పుడైంది. ఓరకంట చూశాను. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి, వేలు పెదాల మీద పెట్టుకుని, కెమెరామన్‌కు సైగ చేస్తున్నారు. కెమెరా తిరుగుతోంది. టేపు మిషను తిరుగుతోంది. లైట్లవాళ్లు, వంటవాళ్లు, మేకప్పువాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. హీరోయిన్ చెప్పులు విడిచి, తలమీద కొంగు వేసుకుని నిలబడింది. మునస్వామి కదలబోయాడు. డైరెక్టరు గారు కళ్లతోనే ఆపారు, ఆయన ఫ్రేములో ఉన్నాడు. సినిమా మనిషి దొంగతనమైనా చేస్తాడు గానీ నడిచే షాట్‌లోంచి బయటికి రాడు. ముందు దేవుడు, పక్కన కెమెరా. మునస్వామి చేతులు జోడించి బిగుసుకుపోయాడు.

నాలుగో పాశురంలోకి వచ్చాను. అదే చోట, అదే పాదం దగ్గర నాలుక ఆగింది.

ఎవరూ దగ్గలేదు. చెంగయ్య తల ఎత్తాడు. ఈసారి వెనక నాయన లేరు. ఎదురుగా చూశాను. ఆ చూపు నా మీద ఉంది. దేవుడు కనబడ్డాడని నేను చెప్పను. ఒక మనిషి మధ్యాహ్నమంతా ఊపిరి బిగబట్టి పెట్టిన చూపు అది. ఆ మనిషి లారీ పక్కన తలకు తువ్వాలు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతటి పని చేసినవాడి ముందు నేను మధ్యలో వదిలేసి నడిచి పోవడమా అనిపించింది. సిగ్గు వేసింది. ఆ పాదం రాలేదు. దాన్ని వదిలేసి తరువాతి పాదం అందుకున్నాను. అది వచ్చింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత నేను చెప్పలేదు, అవే వచ్చాయి. లారీ మరిచిపోయాను. సస్పెండు కాగితం మరిచిపోయాను. ఎండలో నిలబడి ఉన్నానని కూడా తెలియలేదు.

ఎన్ని చెప్పానో లెక్క లేదు. కెమెరాలో ఫిలిం పది నిమిషాలకే అయిపోయిందట. అయినా డైరెక్టరు గారు కట్ చెప్పలేదు. ఆగిన కెమెరా ముందు అరవై మంది కదలకుండా నిలబడ్డారు.

జీపు చప్పుడు వినబడింది. దేవరాజులు గారు దిగారు, వెనక నలుగురు గార్డులు, వాళ్ల వెనక పాలక్యానుతో చంద్రకాంతమ్మ. ఆయన గబగబా నాలుగడుగులు వేసి ఆగారు. లారీని చూశారు, నన్ను చూశారు, గర్భగుడిని చూశారు. మెల్లగా వంగి బూట్లు విప్పారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. వచ్చి మునస్వామి పక్కనే చేతులు జోడించి నిలబడ్డారు. మునస్వామి కళ్లు మూసుకుని ఉన్నాడు.

కర్పూరం వెలిగించాను. స్వామికి చూపించి, లారీకి తిప్పి, హారతి పళ్లెం మునస్వామి ముందుకు తెచ్చాను. ఆయన కళ్లకద్దుకున్నాడు. ఆ పక్క నుంచి ఖాకీ చేతులు రెండు వచ్చి అదే మంట మీద అద్దుకున్నాయి. మునస్వామి ఆ చేతుల్ని చూశాడు. తల తిప్పలేదు. శఠారి పెట్టాను, తల వంచాడు. రేంజరు గారికి పెట్టాను, ఆయనా వంచారు.

"తీర్థం గూడా తీసుకోండి," అన్నారు దేవరాజులు గారు మెల్లగా. "తరవాత ఆ స్తంభాల సంగతి మాట్లాడుకుందాం."

మునస్వామి పరిగెత్తలేదు. తీర్థం తాగి, తడిచేత్తో తల తుడుచుకుని, నిమ్మకాయల పక్కన కూలబడ్డాడు. నాయబ్ రసూల్ ఉలి తెచ్చి లారీ ఎక్కి ఏడు రేకుల పువ్వు మీద ఒక్క దెబ్బ వేశాడు. సున్నం పెళ్లగిలి లోపల ఎర్రగా కనబడింది.

"నేను జెప్పలా, ఇది నా పని కాదని," అన్నాడు అందరికీ వినబడేలా.

సస్పెండు కాగితం రేంజరు గారు నా ముందే చింపేశారు. డైరెక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్లిపోయారు.

సినిమా మరుసటి ఏడాది తిరుపతిలో ఆడింది. ఔట్‌డోర్‌లో టేపులో పట్టే గొంతు గుర్తుకోసమేనట, తర్వాత మద్రాసులో మళ్లీ చెప్పిస్తారట. ఆ ఒక్క సీనుకు మాత్రం డైరెక్టరు గారు టేపులో ఉన్నదే ఉంచేశారని విన్నాను. నాయన ఎన్నడూ సినిమాకు రాని మనిషి. రమ్మని అడిగాను. ఏమీ అనకుండా ఉత్తరీయం వేసుకుని బయలుదేరారు.

ఆ సీను వచ్చింది. తెరంతా నాయబ్ రసూల్ గుడి. ఆ కళ్లు. హాల్లో ముందు బెంచీలవాళ్లు చెప్పులు విడిచి లేచి నిలబడ్డారు, వాళ్లను చూసి వెనకవాళ్లూ లేచారు. నా గొంతు ఆ హాలంతా నిండింది. నాకు నా గొంతని అనిపించలేదు. పక్కకు చూడ్డానికి భయపడి తెరనే చూస్తూ నిలబడ్డాను. మూడు పాశురాలు అయ్యాయి. నాలుగోది వచ్చింది. తెర మీద నేను ఆగిపోయాను.

ఆ ఆగిన చోట, నా పక్కన, చీకట్లో నాయన ఆ పాదం చెప్పారు. మెల్లగా, పూర్తిగా చెప్పారు. ఆయన ముగించాక తెర మీద నా గొంతు తరువాతి పాదం అందుకుంది.

బయటికి వచ్చాక గాంధీ రోడ్డు మీద చాలా దూరం నడిచాం. ఇంటి మలుపు దగ్గర ఆయన ఆగారు.

"ఆ పాదం నీకు అప్పుడూ సరిగ్గా రాలేదు. నేను తొందరపెట్టి నిలబెట్టినా. తప్పు నాదే," అన్నారు. "రేపు పొద్దున్నే స్నానం చేసి రా. ఆడినుంచే మొదలుపెడదాం."